పక్షివిశేషము

మన పాత నిఘంటువులలో నన్ను తరచుగా నవ్వించేదీ, అప్పుడప్పుడు ఏడిపించేదీ అయిన మాట ఒకటుంది: "పక్షివిశేషము". ఏదో కావ్యం చదువుతుంటే తెలియని పిట్ట పేరు తగులుతుంది. అర్థం కోసం నిఘంటువు తీస్తాం. అక్కడ "పక్షివిశేషము" అని ఉంటుంది. అంటే, అదొక పిట్ట. అది పిట్ట అని మనకూ తెలుసు; ఏ పిట్టో తెలియకనే కదా నిఘంటువు తీసింది! చెట్టయితే "వృక్షవిశేషము", చేపయితే "మత్స్యవిశేషము". అక్కడితో సరి.

నిఘంటుకర్తలను వేళాకోళం చేయడం నా ఉద్దేశం కాదు. దీపం వెలుతురులో ఒంటిచేత్తో వేలాది పదాలను కూర్చిన మహానుభావులు ప్రతి పిట్ట వెంటా చేలగట్లమీద పరుగెత్తలేరు. పైగా ఆ కాలపు చదువరికి ఆ పిట్ట ఎలాగూ తెలిసే ఉంటుందన్న ధీమా కూడా వారికి ఉండి ఉండవచ్చు. పెరట్లో వాలే పిట్టకు వర్ణన ఎందుకు? కాని ఆ ధీమా మన తరానికి చెల్లదు. మనకు పేరు మిగిలింది, పిట్ట మిగలలేదు. లేదా పిట్ట మిగిలింది, పేరు పోయింది. రెండూ ఒకచోట ఉన్నవి నానాటికీ తగ్గుతున్నాయి.

ఈ మాట అనే అర్హత నాకు ఎలా వచ్చిందో ముందుగా చెప్పుకోవాలి. అది గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు.

మా అమ్మ పుట్టినూరు కడప జిల్లాలో, లంకమల కొండల దాపున. మా తాతకు కాస్త మెట్టపొలం, ఓ యాభై గొర్రెలు ఉండేవి. ఆయన చదువు సంతకం దాకానే. కాని ఆయనతోపాటు గొర్రెల వెనక నడిస్తే, కంప మీద వాలినదానికీ, గుంతలో దాక్కున్నదానికీ, కనపడకుండా కూసినదానికీ కూడా ఆయన దగ్గర ఒక పేరు ఉండేది. ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఒక వేసవి సెలవులలో నాకెందుకో బుద్ధి పుట్టి, ఆయన చెప్పిన పిట్టల పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. "పేర్లు రాసుకుంటే పిట్టలొచ్చి వాల్తాయా అబ్బీ?" అని ఆయన నవ్వాడు. మొత్తం నలభై ఏడు పేర్లు. వరుస సంఖ్యలు వేసి, కింద తేదీ కూడా వేశాను.

పేర్లయితే రాశాను కాని, ఏ పేరు ఏ పిట్టదో రాయలేదు. రాయవలసిన అవసరం అప్పుడు తోచలేదు. మా తాత ఎదురుగానే ఉన్నాడు; అనుమానం వస్తే అడగవచ్చు. ఆ తరువాత రెండేళ్ళకు ఆయన పోయాడు. మరో పదిహేనేళ్ళకు పక్షుల పుస్తకం ఒకటి కొనుక్కుని, ఆ నోటుపుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పాలపిట్ట, గిజిగాడు, లకుముకిపిట్ట, జెముడుకాకి వంటివి ఇట్టే తేలిపోయాయి. మరికొన్నిటిని మా మామను, ఊళ్ళోని ముసలివాళ్ళను అడిగి తేల్చాను. అలా ఇరవై ఎనిమిది తేలాయి. పందొమ్మిది పేర్లు ఈనాటికీ తేలలేదు. వాటికి ఎదురుగా నేను రాయగలిగిన అర్థం ఒక్కటే: పక్షివిశేషము. ఏ నిఘంటువును చూసి నవ్వానో, ఆ పనినే నేను మరింత అశ్రద్ధగా చేశాను.

ఆ పందొమ్మిది పేర్ల వెంట పడి తిరుగుతున్నప్పుడే, మా కొండకే చెందిన ఒక పిట్ట కథ నాకు ఎదురైంది. జీవజాతులను గుర్తించి, పేరు పెట్టి, పట్టికకెక్కించే పనిలో ఏముందో, ఏం లోపించిందో ఆ కథ చదివితే నాకు తెలిసివచ్చింది. ఆ పిట్ట కలివికోడి.

కలివికోడి పావురంకన్న కాస్త చిన్నది. పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు, ఎదమీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలంతా పొదల నీడలో కదలకుండా ఉండి, చీకటి పడ్డాక బయలుదేరి పురుగులు ఏరుకుని తింటుంది. ఎగరడంకన్న పరుగెత్తడం ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దం నడుమ మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ అనే ఆంగ్లేయుడు దీనిని సేకరించాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. లాటిన్‌లో దానికి దక్కిన జాతినామం "బైటార్క్వేటస్". రెండు కంటెలు కలది అని అర్థం. ఇంగ్లీషులో జెర్డన్ పేరే దానికి నిలిచిపోయింది.

ఇక్కడ జెర్డన్‌కు మనం ఒక నమస్కారం బాకీ ఉన్నాం. తాను చూసిన పిట్టలకు స్థానికులు ఏమని పిలుస్తారో కూడా అడిగి రాసుకునే అలవాటు ఆయనకు ఉండేది. 1862–64 నడుమ వెలువడిన ఆయన గ్రంథం "బర్డ్స్ ఆఫ్ ఇండియా"లో ఎన్నో తెలుగు పేర్లు కనిపిస్తాయి. ఈ పిట్టకూ ఒక తెలుగు పేరు ఇచ్చాడు. ఆయన రాసిన ఇంగ్లీషు అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు తెలుగులో పెడితే "అడవ ఉట తిత్తి" అవుతుంది. మొదటి మాట "అడవి" అని ఊహించవచ్చు. తక్కినదేమిటి? తీతువా? తిత్తిరా? "ఉట" అంటే ఏమిటి? నూటయాభై ఏళ్ళ కిందట ఎవరో తెలుగువాడు పలికిన మాట, తెలుగు రాని చెవిలో పడి, ఇంగ్లీషు లిపిలో ఇరుక్కుని, మనకు ఇలా చేరింది. ఎన్నిసార్లు పైకి చదువుకున్నా నాకు అసలు మాట వినపడలేదు. పిట్ట పట్టికకెక్కింది; పేరు దారిలో చితికిపోయింది.

ఆ తరువాత పిట్ట కూడా కనపడకుండా పోయింది. 1900లో అనంతపురం ప్రాంతంలో చూసినదే చివరిదిగా చాలాకాలం లెక్కలోకి వచ్చింది. ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ కనపడలేదు. సలీం అలీ వంటి దిగ్దంతులు వెదికించినా దొరకలేదు. అంతరించిపోయిందని దాదాపుగా అనుకున్నారు.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దీనిని మళ్ళీ కనుగొన్నారు. శాస్త్రగ్రంథాలలో ఈ వాక్యం ఇలాగే ఉంటుంది. కాని రాత్రివేళ ఆ పిట్టను పట్టుకున్న చేతులు ఐతన్న అనే స్థానికునివి. "అంతరించిపోయింది" అని లోకం అనుకున్న ఆ ఎనభై ఏళ్ళూ అక్కడివారికి అది అంతరించినట్టు తెలియదు. వారికి అది కలివికోడి. కలివిపొదల మధ్య తిరుగుతుంది కనుక కలివికోడి.

ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడమని చదువరులను కోరుతున్నాను. నేను చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది. "రెండు కంటెలది" అన్న పేరు పెట్టడానికి పిట్ట బతికి ఉండనక్కరలేదు. కలకత్తాలో బల్లమీద దూది కూరిన చర్మం ఉంటే చాలు. కంటెలు రెండూ లెక్కపెట్టవచ్చు. "కలివికోడి" అన్న పేరు పెట్టాలంటే మాత్రం ఆ పిట్టను దాని చోట, దాని వేళలో, ప్రాణంతో చూసి ఉండాలి. అది ఎక్కడ ఉంటుందో ఆ పేరులోనే ఉంది. ఎనభై ఏళ్ళు వెదికినవారికి కావలసిన చిరునామా ఆ పేరులోని మొదటి మూడక్షరాలు.

అంతమాత్రం చేత లాటిన్ పేరు దండగ, మా తాతల పేర్లే వేదం అని నేను అనబోవడం లేదు. అలా అనడం ఈ మధ్య ఒక వేడుకగా మారింది కనుక ఈ ముక్క గట్టిగా చెప్పాలి.

శాస్త్రీయ నామకరణం చిన్న పని కాదు. లిన్నేయస్ 1758లో ప్రచురించిన గ్రంథపు పదో కూర్పు నుంచి జంతువుల పేర్ల లెక్క మొదలవుతుంది. అప్పటినుంచి నియమం ఒకటే: ఒక జాతికి ఒకే చెల్లుబాటయ్యే పేరు. ముందుగా సక్రమంగా పెట్టిన పేరే నిలుస్తుంది. కొత్త జాతిని ప్రకటించేవారు దేనిని చూసి ఆ మాట అంటున్నారో ఆ నమూనాను పేర్కొనాలి. దానిని ఒక మ్యూజియంలో భద్రపరచాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వెళ్ళి సరిచూసుకోవడానికి వీలుండాలి. పేరుకూ ప్రాణికీ మధ్య ముడి తెగిపోకుండా చేసిన ఏర్పాటు ఇది. నా నోటుపుస్తకంలో లేనిది సరిగ్గా ఈ ముడే. మా తాత పేర్లలో నలభై ఏడింటికీ పక్కన ఒక ఈక అంటించి పెట్టినా, నాలుగు ముక్కల వర్ణన రాసినా, ఇవాళ నేనిలా పందొమ్మిది పేర్లను పట్టుకుని బిక్కమొగం వేయనక్కరలేదు.

మ్యూజియం అరల విలువ ఎంతటిదో కలివికోడి కథే మరోసారి చెబుతుంది. స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియంలో ఒక గుడ్డు పడి ఉంది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. దశాబ్దాలపాటు దానిని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి గుడ్డు పెంకునుంచి తీసిన డిఎన్ఎను, పాత పక్షి నమూనాలోని డిఎన్ఎతో పోల్చి చూసి, అది కలివికోడి గుడ్డేనని 2013లో ప్రకటించారు. ప్రపంచంలో ఆ పిట్టది తెలిసిన గుడ్డు అదొక్కటే. 1900తో ముగిసిందనుకున్న కథ 1917 దాకా, అనంతపురంతో ఆగిందనుకున్న హద్దు కోలారు దాకా జరిగాయి. ఎవరో ఆ గుడ్డును దాచి, ఎక్కడిదో ఎప్పటిదో చీటీ రాసి పెట్టబట్టి కదా అది సాధ్యమైంది.

అయితే చీటీ కూడా తప్పు చెప్పవచ్చు. దానికీ మనవైపు ఉదాహరణే ఉంది. మెరిసే నీలిరంగు సాలెపురుగు ఒకటుంది. శాస్త్రనామం "పీసిలోథీరియా మెటాలికా". అరచేయంత ఉంటుంది, దాని రంగు చూస్తే దేవుడు తీరికగా కూర్చుని వేశాడనిపిస్తుంది. పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో దీనికి పేరు పెట్టాడు. నమూనా దొరికినచోటు గుత్తి, రైల్వేవారి కలపదొడ్డి. ఆ ఊరిపేరే దానికి అంటుకుంది. వింత ప్రాణులను పెంచుకునే విదేశీయులు ఈనాటికీ దీనిని గుత్తి పేరుతోనే కొంటారు, అమ్ముతారు. కాని గుత్తిలో వెదికితే అది లేదు. నూటరెండేళ్ళ తరువాత, 2001లో, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య నల్లమల అడవిలో మళ్ళీ దొరికింది. దాని ఇల్లు అది. గుత్తికి రైలెక్కి వచ్చిందన్నమాట, కలప దుంగల సందున. రైలు దిగినచోటునే దాని జన్మస్థలమని రాసుకున్నాం. నల్లమల చెంచులను ఎవరైనా ఆ నూటరెండేళ్ళలో ఒక్కసారి కూర్చోబెట్టి, బొమ్మ చూపించి అడిగి ఉంటే ఏం చెప్పేవారో! ఇప్పుడది తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది.

ఇక స్థానికుల పేర్ల సంగతి. వాటి లోపాలు నాకు తెలియనివి కావు. మా ఊళ్ళో వడ్రంగిపిట్ట అంటే ఒకాయన చెట్టు తొలిచే పిట్టను చూపించాడు, మరొకాయన నేలమీద ముక్కుతో పొడుచుకుంటూ తిరిగే, తలమీద కిరీటమున్న కూకుడుగువ్వను చూపించాడు. ఇద్దరిదీ ధీమానే. ఏటిని దాటితే ఒకే పిట్టకు పేరు మారుతుంది. తినేదానికీ, పంటను పాడుచేసేదానికీ, శకునం చెప్పేదానికీ వివరమైన పేర్లుంటాయి. ఎందుకూ పనికిరాదనుకున్నవన్నీ కలిపి ఒకే గంపలో పడతాయి. మా తాత కూడా చిన్న గోధుమరంగు పిట్టలన్నిటినీ ఒకే మాటతో తీసిపారేసేవాడు. వాటిలో కనీసం ఆరు జాతులుంటాయని ఇప్పుడు నాకు తెలుసు. ఆ పని శాస్త్రం చేయవలసిందే. ఈకలు, ఎముకలు, కూతలు, డిఎన్ఎ చూసి విడదీయవలసిందే.

కనుక వాదం ఏ పేరు గొప్పదని కాదు. ఒక పట్టికలో ఎన్ని గడులుండాలన్నదే నా వాదం.

మన దేశంలోని జంతుజాతుల సమగ్ర పట్టికను భారత జంతు సర్వేక్షణ సంస్థ 2024 జూన్ 30న విడుదల చేసింది. అందులో 1,04,561 జాతులున్నాయి. 1916లో పుట్టిన సంస్థ నూరేళ్ళకు పైగా చేసిన శ్రమ అది, చేతులెత్తి మొక్కదగినది. ప్రపంచం మొత్తం మీద చూస్తే, భూమిమీద జంతుజాతులు సుమారు 77 లక్షలుండవచ్చునని 2011లో ఒక అంచనా వచ్చింది. పేరు పెట్టినవి అందులో ఒక చిన్న భాగమే. పేరు పెట్టకముందే పోతున్నవి ఎన్నో లెక్క కట్టే దారే లేదు.

లక్ష జాతులలో అధికభాగం పురుగులు. వాటిలో నూటికి తొంభైకి పైగా తెలుగు పేరు ఎన్నడూ ఉండి ఉండదు. వాటన్నిటికీ తెలుగు పేర్లు కనిపెట్టాలని నేను కోరడం లేదు. ఇంగ్లీషు పేరును ముక్కకు ముక్క తెలుగు చేసి, "నల్లతల పసుపుపొట్ట పిట్ట" వంటివి తయారుచేసి పుస్తకాలలో పెట్టడం ఈమధ్య చూస్తున్నాను. ఆ పేరుతో ఆ పిట్టను ఏ తెలుగువాడూ ఎన్నడూ పిలవలేదు, పిలవబోడు కూడా. నేను అడిగేది దానికి విరుద్ధమైనది: ఉన్న పేర్లను పోనివ్వవద్దని. కొత్త పేరు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. పాత పేరు తెలిసిన మనిషి పోతే దానిని ఎక్కడినుంచి తెస్తాం?

చట్టం ఈ సంగతిని గుర్తించకపోలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలోనూ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. అక్కడి ప్రజల సహాయంతో ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. అందులో స్థానిక నామానికి ఒక గడి ఉంటుంది. ఎంత చక్కటి ఆలోచన! ఒకచోట, ఊరి పేరెందుకు లెండి, అటువంటి రిజిస్టరు ఒకటి చూసే అవకాశం నాకు కలిగింది. పక్షుల పుటలో స్థానిక నామం గడిలో మొదట కాకి, పిచ్చుక, నెమలి, చిలుక ఉన్నాయి. ఆ తరువాత ఇంగ్లీషు పేర్లనే తెలుగు లిపిలో వరుసగా రాసి ఉంచారు. ఆ కార్యాలయం గుమ్మం ముందే వేపచెట్టు కింద ముగ్గురు ముసలి కాపర్లు కూర్చుని బీడీలు కాల్చుకుంటున్నారు. రిజిస్టరు నింపినవారు వారిని అడిగినట్టు లేదు. నేను అడిగాను. అరగంటలో పదకొండు పేర్లు చెప్పారు. అందులో రెండు మా తాత జాబితాలో తేలకుండా మిగిలినవాటిలోవి. కాని "అవి ఇప్పుడు కనపడవు నాయనా" అన్నారు. ఎలా ఉంటాయంటే చేతులతో గాలిలో ఒక ఆకారం గీసి చూపించారు. ఆ ఆకారంతో నేను ఏ పుస్తకంలో వెదకను?

ఇదంతా సాహిత్యాభిమానుల చాదస్తమని కొందరు మిత్రులు అంటారు. పిట్టను కాపాడుకుంటే చాలదా, పేరెందుకు అని. వారికి కలివికోడి కథలోనే జవాబుంది. 1986లో అది దొరికాక, 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఆ పిట్ట పేరుంది. ఆ తరువాత 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసాన్ని తాకినప్పుడు, అభ్యంతరం చెప్పడానికి ఒక ఆధారం దొరికింది; చివరకు కాలువ దారి మార్చవలసి వచ్చింది. కరువు సీమలో కాలువ నీటి విలువ తెలియనివాణ్ణి కాను నేను; మా వాళ్ళంతా ఆ నీటికోసం ఎదురుచూసినవారే. ఆ పంచాయితీ తేలిక అని అనను. కాని అక్కడ పొదలలో పేరులేని పిట్ట ఒకటి ఉండి ఉంటే, ఆ పంచాయితీ జరిగేదే కాదు. పట్టికలో లేనిదానికి చట్టంలో చోటు లేదు. అది ఉండేదని కూడా ఎవరికీ తెలియకుండా యంత్రాలు పని ముగించుకుని వెళ్ళేవి.

ఆ వకాలతు ఇచ్చింది లాటిన్ పేరు. ఆ పిట్టను వెదకడానికి ఏ పొదలదగ్గరికి వెళ్ళాలో చెప్పింది తెలుగు పేరు. ఒకటి లేకపోతే రెండవది కుంటిదే.

మన పూర్వకవులలో కళ్ళతో చూసి రాసినవారు లేకపోలేదు. రెక్కలలో తలలు దూర్చుకుని కాలువలలో నిద్రపోతున్న బాతులను చూసి, స్నానం చేసినవారు మరచిపోయిన పిండిన బట్టలని తలారులు భ్రమపడినట్టు "ఆముక్తమాల్యద"లో రాయలవారు వర్ణించారు. రాజ్యమేలుతూ కూడా బాతు ఎలా పడుకుంటుందో గమనించిన మనిషి ఆయన. ఆ చూపు మన సాహిత్యంలో ఉంది. ఆ చూపుకు తగిన నిఘంటువు మాత్రం లేదు. మా తాతకు ఆ చూపు ఉంది. ఆయనకు కలం లేదు. నాకు కలం ఉంది. పదిహేడేళ్ళ వయసులో బుద్ధి లేదు.

2009 తరువాత కలివికోడి జాడ గురించి గట్టి సాక్ష్యం లేక మళ్ళీ అందరూ దిగులుపడ్డారు. 2025 ఆగస్టులో కొందరు పక్షిపరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను రికార్డు చేశారని వార్త వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కూత రికార్డు అయిందంటే అది ఇప్పుడు వినవచ్చు, వినిపించవచ్చు. ఊళ్ళో ఇంకా మిగిలిన పెద్దవాళ్ళకు వినిపించి, దీనినేమంటారని అడగవచ్చు. ఒక్క కలివికోడి కూతనే ఎందుకు, రికార్డయిన ప్రతి పిట్ట కూతనూ అలా వినిపించవచ్చు. ముసలికళ్ళకు బొమ్మలు ఆనకపోయినా, చెవులకు కూతలు గుర్తుంటాయి. నేను ఇంతకాలం బొమ్మల పుస్తకం పట్టుకుని తిరిగాను. మా తాత పేర్లలో సగం అసలు కనపడని పిట్టలవి, వినపడ్డవి మాత్రమేనని ఇంత ఆలస్యంగా స్ఫురించింది.

ఈ వేసవికి సెల్‌ఫోనులో లంకమల చుట్టుపక్కల ఉండగల పిట్టల కూతలన్నీ నింపుకుని వెళుతున్నాను. మా మామకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన ఈడువారు ఊళ్ళో నలుగురున్నారు. పందొమ్మిది పేర్లలో ఎన్ని తేలతాయో చెప్పలేను. తేలినదాని పక్కన మాత్రం ఈసారి పిట్ట ఏదో, కూత ఎలాంటిదో, ఏ ఊళ్ళో ఎవరు ఏ రోజున చెప్పారో రాసి పెడతాను.

చదువరులలో ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి పెద్దలుంటే, ఒక్క సాయంత్రం వారిదగ్గర కూర్చోండి. పది పేర్లు చాలు. పేరు పక్కన అది ఏదో కూడా రాయండి. రంగు, పరిమాణం, ఎక్కడుంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు కూస్తుంది. రేపు అడుగుదాంలే అనుకోవద్దు. నేను అలాగే అనుకున్నాను.